ప్రస్తుతానికి, మెట్ల కింద

మొన్న ఆదివారం నా మనవరాలు ఇంగ్లీషు పుస్తకం ముందేసుకుని వాళ్ళ నాన్నను ఒక మాటకు అర్థం అడిగింది. ఫర్ ద టైమ్ బీయింగ్ అట. వాడు ఫోన్ చూసుకుంటూ, తల ఎత్తకుండానే, కొంచెం సేపు అని చెప్పాడు. నేను వంటింటి గడపలో కూర్చుని చేటలో కందిపప్పు చెరుగుతున్నాను. నోరు ఊరుకోలేదు.

"కొంచెం సేపు కాదురా. వేరే ఏర్పాటు అయ్యేదాకా అని. అది ఒక దినం కావచ్చు, ఆరేండ్లు కావచ్చు."

తండ్రీ బిడ్డా ఇద్దరూ నా వైపు చూశారు. నేను నాలుగో తరగతితో బడి మానిన మనిషిని. తెలుగు పేపరు చదువుతాను, కరెంటు బిల్లు మీద అంకెలు సరిచూసుకుంటాను, అంతే. ఇంగ్లీషులో సంతకం కూడా రాదు. మనవరాలు పుస్తకం వెనక చూసుకుని, కరెక్టే నాయనమ్మా, నీకెవరు చెప్పిన్రు అంది. పైన గదిలో ఉండేదే, ఆమె చెప్పింది అన్నాను. అని చేట కిందికి పెట్టేశాను. పప్పు ఇంకా సగం చెరగాల్సి ఉంది. ఆ చేట చేతిలో పెట్టుకుని ఆమె మాట ఎత్తడం నాకు చేతకాలేదు.

మా ఇల్లు అశోక్ నగర్‌లో, చిక్కడపల్లి వైపు తిరిగే సందులో. మిద్దె మీద రేకుల గది ఒకటి, కింద రెండు గదులు కిరాయికి ఇస్తాం. ఈ చుట్టుపక్కల ఎవరింట్లో చూసినా సర్కారు నౌకరీ పరీక్షలకు చదువుకునే పిల్లలే. పోయినోళ్ళు పోతుంటారు, వచ్చినోళ్ళు వస్తుంటారు. వాళ్ళ మొఖాలు నాకు గుర్తుండవు. ఎన్ని బకెట్లు నీళ్ళు పోసుకున్నారు, పగటిపూట లైటు వేసుకున్నారా, ఇవే గుర్తుంటాయి. ఆమె మొఖం మాత్రం గుర్తుంది.

అచ్చంపేట దిక్కు నుంచి వచ్చింది. పిల్ల అనడానికి లేదు, ముప్పై దాటింది. తండ్రి మేస్త్రీ పని చేసేవాడు. ఈ పట్నంలోనే ఎన్నో ఇండ్లు కట్టాడట, ఒక్క ఇంట్లో కూడా ఉండలేదు. ఆమె మనిషి పొడుగు, నడక నిమ్మళం. ఎండలో బయటికి పోతే చేతి తువ్వాల తల మీద వేసుకునేది, గొడుగు కొనుక్కో అంటే రెండు చేతులకూ పుస్తకాలున్నయి గద అవ్వా, గొడుగు ఎవరు పట్టుకుంటరు అనేది. నన్ను మొదటి రోజు నుంచే అవ్వా అంది. మా దగ్గర కిరాయికి ఉండేవాళ్ళు ఆంటీ అంటారు. నాకు ఆంటీ అంటే ఒళ్ళు మండుతుంది, అది ఎట్లా కనిపెట్టిందో మరి.

ఆమెకు ఒక పద్ధతి ఉండేది. పాత క్యాలెండర్ కాగితం వెనక నున్నటి వైపు పెద్ద అక్షరాలతో ఒక ఇంగ్లీషు మాట రాసి, మిద్దె మీద బట్టలారేసే తీగకు తగిలించేది. రెండు కొసలకూ నా క్లిప్పులు. ఆ మాట వారం రోజులు అక్కడే వేలాడేది. పొద్దున పండ్లు తోముకుంటూ, సాయంత్రం అటూ ఇటూ నడుస్తూ దాన్ని చూసుకునేది. క్లిప్పులు బట్టలకు తెచ్చిన, ఇంగ్లీషుకు కాదు అని నేను కొట్లాడాను. మర్నాడు చూస్తే కాగితానికి చీపురుపుల్లలు చీల్చి గుచ్చింది. నా క్లిప్పులు రెండూ కడిగి కిటికీలో పెట్టింది. ఆ తరవాత నేనే రెండు పాత క్లిప్పులు ఇచ్చాను, ఇచ్చినందుకు ఆ పూటంతా నా మీద నాకే కోపం వచ్చింది.

ఎవరికైనా చెప్తేనే తనకు గట్టిగా గుర్తుంటుందని నన్ను కూర్చోబెట్టి చెప్పేది. నాకెందుకు బిడ్డా అని లేవబోతే కొంగు పట్టుకునేది. ముందే తెలుగు మాట చెప్పేది కాదు. ఎక్కడ వాడతారో చూపిస్తే అర్థం అదే వస్తది అనేది. ఆ వారం తీగ మీద వేలాడిన మాట ఇదే. మిద్దె తలుపుకు గొళ్ళెం విరిగిపోయి, గాలికి కొట్టుకోకుండా నేను ఒక ఇటుక అడ్డం పెట్టి ఉంచాను. ఆమె ఆ ఇటుకను కాలి బొటనవేలితో చూపించింది.

"ఈ ఇటుక ఫర్ ద టైమ్ బీయింగ్ ఉన్నది అవ్వా."

"ఆరేండ్లయింది అది పెట్టి" అన్నాను నేను.

"అయితేంది. గొళ్ళెం వచ్చేదాకా ఇటుకది ఇదే పని. ఎన్నేండ్లయినయని కాదు లెక్క, గొళ్ళెం వచ్చిందా లేదా అని లెక్క." తరవాత ఇంకొకటి చెప్పింది. ఈ మాట వాడినప్పుడల్లా దాని వెనక ఇంకో మాట ఉంటుందట, పైకి చెప్పినా చెప్పకున్నా. ఫలానాది జరిగేదాకా అని. ఆ రెండోది ఏంటో తెలియకుండా మొదటిది వాడొద్దు అంది.

ఆ తరవాత మా ఇద్దరికీ అదొక ఆట అయింది. ఆమె చాయ్ సగం వేడిగా తాగి, సగం మీద సాసర్ మూసిపెట్టి, ఫర్ ద టైమ్ బీయింగ్ అని మిద్దె ఎక్కిపోయేది. ఒక పేజీ చదివి వచ్చి చల్లారిన సగం తాగేది. నాలుగేండ్లలో ఒక్కసారి కూడా కప్పు మొత్తం ఒకేసారి తాగడం నేను చూడలేదు. ఇట్లా సగం సగం తాగితే రెండు చాయ్‌లు తాగినట్టు ఉంటది అవ్వా, ఖర్చు ఒక్కదానిదే అంటే, ఈమె నా లాంటిదే అనుకుని లోపల సంతోషపడ్డాను. ఊరి నుంచి ఫోన్ చేసి పెండ్లి సంగతి ఏంది, ఏం చేస్తున్నవు అని ఎవరు అడిగినా, ప్రస్తుతానికి చదువుతున్న అనేది. వాళ్ళు ఎప్పటిదాకా అని అడిగితే నవ్వేది. నేను విని, రెండోది చెప్పవైతివే అనేదాన్ని. చెప్తె దిష్టి తగుల్తది అవ్వా అనేది.

పుస్తకాలు కొనేది కాదు. పొద్దున్నే లైబ్రరీకి పోయి, తలుపు తెరవకముందే వరుసలో నిలబడి, సాయంత్రం దాకా పెద్ద పెద్ద పుస్తకాలు చూసి నోట్‌బుక్కుల్లోకి రాసుకొచ్చేది. అన్నీ తన మాటల్లో. పొడుగు నోట్‌బుక్కులు, ఒక్కొక్కటి నా ముంజేయి అంత. నాలుగేండ్లలో తొమ్మిదయ్యాయి. గుండ్రటి అక్షరాలు, ఒక్క కొట్టివేత ఉండదు. బజార్లో ఇవే అచ్చువేసి అమ్ముతున్నారు గదా, చేతులు నొప్పి పెట్టేట్టు ఎందుకు రాస్తావు అని అడిగాను ఒకసారి.

"కొన్నది పోతె మల్ల కొనుక్కోవచ్చు అవ్వా. రాసుకున్నది పోతె ఏడ కొంటం?"

ఆమె ఈ మాట అన్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. నా చెవులు బాగానే ఉన్నాయి. ఈ సంగతి ఇక్కడ చెప్పి పెడుతున్నాను ఎందుకంటే, తరవాత నాకు నేను చాలా సాకులు చెప్పుకున్నాను, తెలియదు అనే సాకు మాత్రం నాకు లేదు.

పరీక్ష రెండుసార్లు వాయిదా పడింది. ఆ రెండోసారి పడ్డ వారంలోనే ఊళ్ళో తండ్రికి పక్షవాతం వచ్చిందని ఫోన్. చూసుకోవడానికి తల్లి ఒక్కతే ఉంది. ఆమె గది ఖాళీ చేసింది. బట్టలు, స్టవ్వు, చాప బస్సులో పడతాయి, నోట్‌బుక్కులు పట్టవు, పట్టినా ఊళ్ళో వాళ్ళ గుడిసె వానకు కారుతుంది. తొమ్మిదింటినీ సిమెంటు సంచిలో పెట్టి, మూతి తాడుతో కట్టి, మా మెట్ల కిందికి మోసుకొచ్చింది.

"అవ్వా, ఫర్ ద టైమ్ బీయింగ్ ఈడ పెడ్తున్న. ఎగ్జామ్ డేట్ పడంగనె వచ్చి తీస్కపోత. వయసు దాటుతున్నది నాకు, ఇంకొక్కటే రాసేదున్నది."

రెండో మాట కూడా చెప్పి పెట్టింది చూడండి. డేట్ పడేదాకా.

పెట్టు బిడ్డా, తడవకుండ నేను చూస్త అన్నాను. కరెంటు మీటరు పక్కన గోడ మీద పెన్సిలుతో తన ఫోన్ నంబరు రాసింది. చాయ్ ఇస్తే సగం తాగి, సాసర్ మూసి, ఇది కూడ ఉంచు అవ్వా అని నవ్వి పోయింది. ఆ సగం చాయ్ నేనే తాగాను. పారబోయడం నాకు రాదు.

ఒక వానాకాలం పోయింది. ఎండాకాలం పోయింది. మళ్ళీ వానలు వచ్చి పోయాయి. పైన గదిలోకి వేరే పిల్లలు వచ్చారు, ముగ్గురు, వాళ్ళ చెప్పులు బూట్లు పెట్టుకోవడానికి జాగా లేదని రోజూ నస. మా దగ్గర జానెడు జాగా కూడా ఊరికే ఉండదు, అది నా స్వభావం. మెట్ల కింద ఆ సంచి కనిపించినప్పుడల్లా, ఊడుస్తూ దాన్ని చీపురుతో అటు నెట్టేదాన్ని, ఇటు నెట్టేదాన్ని. ఎలుక ఒకటి సంచి మూల కొరికింది. ఆమె ఊరి దిక్కు పిల్ల ఒకతి చిక్కడపల్లి మార్కెట్లో కనిపిస్తే అడిగాను. అక్కకు సంబంధాలు చూస్తున్నారట అంది. అంతే, పెండ్లి అయిపోయే ఉంటుంది అని నా మనసు దానంతటదే ఖాయం చేసుకుంది. పెండ్లయిన మనిషికి ఈ కాగితాలు ఎందుకు అని కూడా అనుకుంది.

అదే సమయంలో మా చేటకు, రెండు బుట్టలకు సందులు పడ్డాయి. బియ్యం చెరిగితే నూకలు కాదు, గింజలే కిందికి కారుతున్నాయి. నారాయణగూడ మార్కెట్లో కొత్త చేట చూశాను. వెదురు పలచగా ఉంది, ఆరు నెలలు కూడా రాదు. మా అమ్మ కాలం నుంచి మా ఇంట్లో చేటకు కాగితం గుజ్జు పూస్తాం. కాగితాలు చింపి మూడు దినాలు నానబెట్టి, నానిన మెంతులతో కలిపి రోట్లో దంచి, చేటకు ముందూ వెనకా మెత్తి ఎండలో పెడితే పదేండ్లు ఢోకా ఉండదు. వార్తాపత్రికలు పనికిరావు, నలుపు వదులుతుంది. రాసుకునే కాగితమే మంచిది, గట్టిగా పట్టుకుంటుంది.

నేను ఆమెకు ఫోన్ చేయవచ్చు. గోడ మీద నంబరు ఉంది. చేయలేదు. ఎందుకు చేయలేదో నాకు బాగా తెలుసు. చేస్తే ఉంచు అవ్వా అంటుంది.

పీట వేసుకుని కూర్చుని సంచి విప్పాను. పుస్తకం కదా, చింపేముందు ఒక్కొక్కదాన్నీ కళ్ళకద్దుకున్నాను. తొమ్మిదింటినీ. సరస్వతిని తప్పయింది తల్లీ అని వేడుకున్నాను. ఆ పిల్లను అడగలేదు.

గుజ్జు లేత నీలంగా వచ్చింది. అంత సిరా. చేట, రెండు బుట్టలు, ఒక గంప, అన్నిటికీ సరిపోయింది. మిద్దె మీద, ఆమె కాగితాలు వేలాడిన ఆ తీగ కిందనే ఎండబెట్టాను. చూసినోళ్ళందరూ ఎంత నునుపుగా వచ్చిందో అన్నారు. నేను కూడా చెయ్యి పెట్టి చూసుకుని మురిసిపోయాను, అబద్ధం ఎందుకు.

చేట వాడుకలోకి వచ్చి నెల కాలేదు, ఒకనాడు పదిగంటల వేళ గేటు చప్పుడైంది. నేను వరండాలో బియ్యం చెరుగుతున్నాను. ఆమె. ఇంకా చిక్కిపోయింది, తల మీద అదే తువ్వాల. భుజానికి పెద్ద సంచి, లోపల ఏమీ లేదు, గాలికి అటూ ఇటూ ఊగుతున్నది. ఆ ఖాళీ సంచి చూడగానే నా చేతుల్లో చేట ఆగిపోయింది.

మంచిగున్నవా అవ్వా అని పలకరించింది. తండ్రి పోయాడట, నెల మాసికం కూడా అయిందట. పరీక్షకు తారీఖు పడిందట, ఇంక నలభై దినాలే ఉన్నాయట. ఇదంతా మెట్ల వైపు నడుస్తూనే చెప్పింది. మెట్ల కింద బూట్లు ఉన్నాయి.

"అవ్వా, సంచి ఏడ పెట్టినవు?"

"చెదలు పట్టినయి బిడ్డా" అన్నాను. "పోయిన వానలకు తడిసి చెదలు పట్టినయి. పారేసిన."

ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో, అంత తడబాటు లేకుండా వచ్చింది. మా ఇంట్లో చెదలు ఎప్పుడూ లేవు. ఆమె నాలుగేండ్లు ఉంది, ఆ సంగతి ఆమెకూ తెలుసు.

ఆమె వచ్చి నా ఎదురుగా మెట్టు మీద కూర్చుంది. ఏడవలేదు. భుజం మీది ఖాళీ సంచి తీసి పక్కన పెట్టింది. నేను ఏదో ఒకటి అంటూనే ఉన్నాను, బజార్లో పుస్తకాలు దొరుకుతాయి కదా అని, తెలివిగలదానివి, నీకు అంతా నోటికే వచ్చు కదా అని. అప్పుడు ఆమె చూపు నా ఒళ్ళోకి వచ్చింది. చెయ్యి చాపి చేట అందుకుంది. బియ్యం ఒలకకుండా ఒక అంచుకు చేర్చి, వెనకవైపు కొంచెం ఎత్తి చూసింది. వెనకవైపు నేను అంత శ్రద్ధగా దంచిన గుజ్జు పెట్టలేదు. ఒకచోట గోరంత కాగితం నలగకుండా మిగిలిపోయింది. దాని మీద గుండ్రటి అక్షరాలు మూడు. ఆమె బొటనవేలు ఆ మూడు అక్షరాల మీద ఆగింది.

వాళ్ళ ఊళ్ళో కూడా చేటలకు ఇట్లాగే పూస్తారు. ఆమెకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర లేదు.

"మెంతులు మంచిగ పడ్డయి అవ్వా" అంది. "మా అమ్మ ఇన్ని వెయ్యది. అందుకే మాయి పగుళ్ళు పడ్తయి."

తిట్టి ఉంటే నేనూ తిరిగి తిట్టేదాన్ని, నాకు నోరు ఉంది. ఏండ్లకేండ్లు నా జాగా ఎవరు ఆపుకుంటారు అని గట్టిగా అడిగేదాన్ని, ఆ మాట తయారుగా కూడా పెట్టుకున్నాను. ఆమె ఆ సందు ఇవ్వలేదు. చేటను ఒళ్ళో పెట్టుకుని మిగిలిన బియ్యం చెరిగింది. రాళ్ళు ఏరి అరచేతిలో పోగేసి, మొక్కల కుండీలో వేసింది. శుభ్రమైన బియ్యం ఉన్న చేట నా ముందు పెట్టింది.

నేను లేచి చాయ్ పెట్టాను. నీళ్ళు కలపకుండా, చిక్కటి పాలతో. నా చేత్తో నేను అట్లాంటి చాయ్ ఎవరికీ పెట్టలేదు. ఆమె కప్పు అందుకుని, నిలబడే ఉండి, చివరి చుక్క దాకా ఒకేసారి తాగేసింది. తాగి, నల్లా దగ్గర కప్పు కడిగి, అరుగు మీద బోర్లించింది. సాసర్ దాని పక్కన పెట్టింది. ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని గేటు దాటింది.

నేను పిలవలేదు. పిలిస్తే ఏం చెప్పాలి, చెదలు కాదు నేనే అని. ఆమెకు తెలుసు కదా అని అనుకున్నాను. ఇప్పుడు అనిపిస్తుంది, ఆమెకు తెలియడం వేరు, నేను చెప్పడం వేరు.

ఆ పరీక్ష జరిగింది, ఫలితాలు కూడా వచ్చాయి. మా గదుల్లో పిల్లలు పేపరు నేల మీద పరుచుకుని నంబర్లు వెతుక్కుంటుంటే నేను లోపలికి పోయి తలుపు వేసుకున్నాను. ఆమె నంబరు నాకు తెలియదు, తెలిసినా చూసే ధైర్యం లేదు. చానా రోజుల తరవాత గోడ మీద పెన్సిలు నంబరు చూపించి మా వాడి చేత ఫోన్ చేయించాను. ఆ నంబరు ఇప్పుడు వాడుకలో లేదని వచ్చింది. నౌకరీ వచ్చిందో, రాలేదో, ఊళ్ళోనే ఉందో. నౌకరీ వచ్చి ఉండాలని నేను కోరుకుంటాను. అందులో కూడా సగం నా కోసమే కోరుకుంటానని నాకు తెలుసు.

ఆ తరవాత మెట్ల కింది బూట్లు తీయించేశాను. అక్కడ ఏమీ పెట్టనివ్వను. పోయిన ఎండాకాలం పై గది పిల్లలు పాత కూలర్ పెట్టుకుంటామన్నారు. కుదరదు, అక్కడ వేరే వాళ్ళ సామాను ఉన్నది అన్నాను. వాళ్ళు వంగి చూసి, ఏం లేదు గద ఆంటీ అన్నారు. మా కోడలు కూడా, జానెడు జాగా వదలని మనిషివి, ఇదేంది అత్తమ్మా అని నవ్వుతుంది. రోజూ ఊడుస్తాను, తుడుస్తాను. మిద్దె తలుపుకు ఇటుక ఇంకా అట్లాగే ఉంది. గొళ్ళెం మాట నేనూ ఎత్తను.

మొన్న ఆదివారం, అర్థం చెప్పి ఊరుకుందామంటే మనవరాలు ఊరుకోలేదు. అర్థం రాస్తే సరిపోదట, ఆ మాటను ఒక వాక్యంలో వాడి చూపించాలట. వాళ్ళ నాన్నను వదిలేసి నా దగ్గరికి వచ్చి కూర్చుంది. చెప్పు నాయనమ్మా, నువ్వు తెలుగుల చెప్పు, నేను ఇంగ్లీషుల రాసుకుంట అంది.

"రాయి" అన్నాను. "మెట్ల కింది జాగా ప్రస్తుతానికి ఖాళీగ ఉన్నది."

రాసుకుంది. రాసి, పెన్ను చెంపకు ఆనించుకుని, అంతేనా అని అడిగింది.

అంతే రాయమన్నాను. రెండో మాట బడికి అవసరం లేదు. అది నాది. ఆమె ఈ గేటు తీసుకుని వచ్చి, నా ముందు కూర్చుని, చెదలు కాదు బిడ్డా అని నేను నా నోటితో చెప్పేదాకా.